ఐదో ఆకు

వినాయకచవితి ముందురోజు సాయంత్రం విజయవాడ పటమట రైతుబజారు దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. మట్టి బొమ్మలు, పాలవెల్లులు, వెలగకాయలు, మొక్కజొన్న కంకులు... వాటి మధ్య గోనెపట్టాల మీద పచ్చటి పత్రి గుట్టలు. కట్ట ఎంతో అడుగుతాం, బేరమాడతాం, సంచిలో కుక్కుకుని వెళ్లిపోతాం. అందులో ఏముందో విప్పి చూసేదెవరు? మొన్నటి చవితి దాకా నేనూ చూడలేదు.

ఆ రోజు మా ఆరేళ్ల పాప కట్టలోంచి ఒక ఆకు తుంచి వాసన చూడబోయింది. ''నోట్లో పెట్టకు తల్లీ, అది ఉమ్మెత్త!'' అని పత్రి అమ్మే పెద్దావిడ చటుక్కున లాగేసుకుంది. పాప చేతులు తన సీసాలో నీళ్లతో కడిగింది. ''ఆకు దేవుడికి బాబూ. కాయ మటుకు నేను కోసుకురాను. పిల్లలుండే ఇళ్లు కదా!'' అంది.

ఇంటికొచ్చి పూజ పుస్తకం తీశాను. 21 పత్రాల్లో దత్తూరం ఐదోది. ఏటా చదివి వేస్తున్నదే! తండ్రి శివయ్యకేమో దాని పువ్వే ప్రీతి. సంస్కృతంలో కనకమంటే బంగారం, ఉమ్మెత్త కూడా. తలకెక్కడంలో రెండూ రెండేనని పెట్టారేమో.

ఆవిడది అవనిగడ్డ అవతల పల్లె. యానాదులు. పండగ వెళ్లాక ఓ ఆదివారం కరకట్ట మీదుగా బయల్దేరాను. యనమలకుదురు కొండ మీద రామలింగేశ్వరుడి గుడి దాటితే ఊరి రొద తగ్గిపోతుంది. ఒకవైపు కృష్ణమ్మ, మరోవైపు అరటి, చెరకు, పసుపు తోటలు. తోట్లవల్లూరు దాటాక బండి ఆపి చూస్తే కట్ట వాలులో ఉమ్మెత్తలే ఉమ్మెత్తలు. సన్నాయి మూతిలా విచ్చుకున్న తెల్లటి పూలు, ఒంటి నిండా ముళ్లతో గుండ్రటి కాయలు. ఎన్నిసార్లు ఈ దారిన పోలేదు... ఒక్కసారీ కంటికి ఆనలేదు.

ఆవిడ గుడిసె ముందు నులకమంచం వాల్చింది. ఆకుకు ఆముదం రాసి, వెచ్చచేసి కీళ్లవాపులకు కడతారట. ''లోపలికి మాత్రం ఇవ్వం. మా మామ కాలంలో ఒకడు పందెం కట్టి గింజలు మింగాడు. రెండు రోజులు లేని మనుషులతో మాట్లాడాడు, గాల్లో దారాలు ఏరాడు. బతికాడనుకో'' అంది.

ఆవిడ చెప్పిందాంట్లో వైద్యులు కాదనేది ఏమీ లేదు. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపలమిన్ ఉంటాయి. నోరెండుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, ఒళ్లు కాలుతుంది, తెలివి తప్పి భ్రమలు కమ్ముతాయి. ప్రాణమూ పోవచ్చు. గింజ గింజకూ బలం మారుతుంది కాబట్టి ఇంత తింటే ఫరవాలేదన్న లెక్కే లేదు. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో చేర్చి, శుద్ధి చేయనిదే వాడొద్దంది. పొరపాటున ఎవరైనా తింటే చిట్కాలు వెతక్కుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

విషమేనా అంటే, కాదు. కృష్ణా డెల్టాలో పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లను ఆస్పత్రికి తెచ్చినప్పుడు, ఆర్గానోఫాస్ఫేటు రకమైతే మొదట ఎక్కించే మందు అట్రోపినే. కళ్ల డాక్టరు పాపలు పెద్దవి చేయడానికి వేసే చుక్కల్లోనూ అదుంటుంది. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఉబ్బసం కథ. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ పెద్ద వైద్యుడు జేమ్స్ ఆండర్సన్, ఎండిన ఉమ్మెత్త పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందని ఇక్కడే తెలుసుకున్నాడు. 1802లో జనరల్ జెంట్ దాన్ని ఇంగ్లండుకు చేర్చాడు. తర్వాత వందేళ్లకు పైగా యూరప్‌లో ఉబ్బసానికి ఉమ్మెత్త జాతి ఆకుతో చేసిన సిగరెట్లు అమ్మారు. పొగ మాట ఇప్పుడు వైద్యంలో లేదు కానీ, అట్రోపిన్‌ను మార్చి చేసిన ఇప్రాట్రోపియం నేటికీ ఇన్హేలర్లలో ఉంది.

ఆండర్సన్ పేరుంది, జెంట్ పేరుంది. ఆండర్సన్‌కు చెప్పినవాళ్ల పేరు?

మెక్సికోలో ఇంకోరకంగా జరిగింది. అక్కడ పేరే ముప్పు తెచ్చింది. హువాట్లా అనే కొండ ఊళ్లో మరియా సబీనా అనే మజటెక్ వైద్యురాలు రోగుల కోసం రాత్రిపూట పుట్టగొడుగులతో పూజ చేసేది. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకరు అందులో కూర్చున్నాడు, 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఆమె పేరు మార్చి రాసినా దాగలేదు. మత్తు కోసం జనం ఎగబడ్డారు. ఊరివాళ్లు ఆమెనే తప్పుపట్టారు, ఇల్లు తగలబెట్టారు. 1985లో పేదరికంలోనే పోయింది. ఆ పుట్టగొడుగుల్లోని సైలోసిబిన్‌ను నేడు పెద్ద విశ్వవిద్యాలయాలు కుంగుబాటుకు మందుగా పరీక్షిస్తున్నాయి. మజటెక్‌లకు అందులో చోటేదని అక్కడ గట్టిగానే అడుగుతున్నారు.

మన దగ్గర అడిగినవాళ్లూ ఉన్నారు, ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' అనే మందు చేసి 1995లో ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు, వచ్చిన సొమ్ములో సగం వాళ్లకేనని పరిశోధన సంస్థ ఒప్పుకుంది. 2002లో జీవవైవిధ్య చట్టమూ వచ్చింది. అవనిగడ్డ అవతల ఆ గుడిసెకు మాత్రం పత్రి కట్ట ధర తప్ప ఏదీ రాలేదు.

ఆవిడ కొడుకు విజయవాడలో ఆటో నడుపుతున్నాడు. మొక్కలు గుర్తుపట్టలేడట. మనవరాలికి కొన్ని తెలుసు.

లేచేముందు అడిగాను, ''కట్టలో 21 రకాలూ ఉంటాయా అమ్మా?''

పకపకా నవ్వింది. ''పదమూడో పద్నాలుగో ఉంటాయి బాబూ. దేవదారు ఈ నేల మీద ఎక్కడుంది? మీరెవరూ విప్పి లెక్కపెట్టరుగా!''