చివరి పెట్టె ఎర్రదీపం

ఉద్యోగరీత్యా స్వస్థలాన్ని వీడి సూరత్ నగరంలోని అడాజన్‌లో స్థిరపడిన మాబోటి వారికి ఆదివారాలు రెండు విధాలుగా గడుస్తాయి. ఉదయం ఎవరి వ్యాపకం వారిది. మధ్యాహ్నం క్రికెట్ పోటీ ఉన్నదంటే కాలనీ యావత్తూ ఒకే కుటుంబం. నా ఉదయపు వ్యాపకం సైకిలు సవారీ. యాభై దాటి, మోకాళ్ళు తమ ఉనికిని తరచు గుర్తుచేసే వయస్సులో ఇదేమి సరదా అని మిత్రులు అడుగుతుంటారు. ఆరోగ్యం కొరకని చెప్పి తప్పించుకోవడం సులభం. కాని ఈ వ్యాపకం నాకు చేసిన అసలు మేలు వేరు. మధ్యాహ్నపు ఆటను ఎట్లా చూడాలో ఉదయపు సైకిలే నాకు నేర్పింది. ఆ అనుభవాన్ని తోటి ఉద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అడాజన్ తాపీ నదికి కుడిగట్టున ఉన్నది. ఇక్కడి నుండి నా వంటి సైకిలు ప్రియులకు రెండు దారులు. మొదటిది పాల్, ఇచ్ఛాపూర్ మీదుగా హజీరా వైపు సాగుతుంది. కర్మాగారాలకు పోయే భారీ లారీల మధ్య కొంతదూరం బిక్కుబిక్కుమంటూ నడిచి, రాజమార్గం వదలి మట్టిబాట పట్టితే సువాలీ సముద్రతీరం వస్తుంది. 1612లో ఆంగ్లేయుల ఓడలు పోర్చుగీసు వారిని ఎదిరించి గెలిచినది ఆ నీళ్ళలోనే. నేడు నల్లని ఇసుక, సరుగుడు చెట్ల హోరు తప్ప ఆ యుద్ధానికి ఆనవాళ్ళు కానరావు. రెండవ దారి రాందేర్ మీదుగా ఓల్పాడ్ తాలూకా తీరానికి పోతుంది. చెరకు తోటలు దాటిన పిమ్మట ఉప్పుపర్ర నేలలు, సముద్రపు పాయలు, రొయ్యల చెరువులు. గట్ల పొడుగునా సర్కారు తుమ్మ. దీనిని గుజరాతీలు ‘గాండో బావళ్’, అనగా పిచ్చి తుమ్మ అంటారు. దాని ముల్లు ఎంతటి టైరునైనా గౌరవించదు.

ఈ దారులలో నాకు లభించిన మొదటి గురువు ఎదురుగాలి. శీతకాలపు ఉదయాలలో ఈశాన్యపు గాలి పోయేటప్పుడు వీపు తట్టి పంపుతుంది, వచ్చేటప్పుడు ఛాతీ మీద చేయి వేసి ఆపుతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని, దానిని అధిగమించే శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుందని కళాశాలలో చదువుకున్నదే. గాలి లేని దినాన గంటకు 20 కిలోమీటర్ల నుండి 25కు పోవాలంటే, గాలిని చీల్చడానికి మాత్రమే ఇంచుమించు రెట్టింపు శక్తి కావాలి. ఆ సూత్రం తొడల కండరాలకు అర్థమైనది ఓల్పాడ్ దారిలోనే. ముందుపోయే వాని వెనుక చక్రాన్ని అంటిపెట్టుకొని సాగినచో ఆ నిరోధం మూడవ వంతు వరకు తగ్గుతుంది. మా చిన్న బృందంలో అందరం వంతులవారీగా ముందు నిలుస్తాము.

ప్రఖ్యాతమైన ‘టూర్ డి ఫ్రాన్స్’ పందెంలో జట్టుకు ఎనిమిదిమంది. వారిలో ఏడుగురు సాధారణంగా ఒక్క నాయకుని కొరకు గాలిని చీల్చేవారే. గెలిచిన వాని పేరు లోకానికి తెలుస్తుంది, గాలిని చీల్చిన వారి పేర్లు తెలియవు. మన తెలుగునాట పుల్లెల గోపీచంద్‌ను చూడండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయిన ఆయన, తరువాత అకాడమీ స్థాపించి సైనా నెహ్వాల్, పి.వి. సింధు వంటి వారికి శిక్షణ ఇచ్చారు. 2016లో రియోలో సింధు రజత పతకం అందుకున్నప్పుడు వేదికపై ఉన్నది ఆమె ఒక్కరే. ఆమె ముందు ఎన్నో ఏండ్లు గాలిని చీల్చినవారు వేదిక క్రింద ఉన్నారు.

ఫ్రాన్సు పందెంలో నన్ను మిక్కిలి ఆకర్షించిన సంప్రదాయం మరొకటి. ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకొనడానికి 1903లో ప్రారంభించిన ఈ పందెంలో, మొత్తం మీద అందరికన్న చివర ఉన్నవానిని ‘ఎర్ర లాంతరు’ అంటారు. రైలుబండి చివరి పెట్టెకు ఉండే ఎర్రదీపం నుండి వచ్చిన పేరది. దారి పక్కన టిక్కెట్టు లేకుండా నిలిచిన జనం ఆ చివరివానికీ చప్పట్లు కొడతారు. రైల్వేలో ఆ దీపం అలంకారం కాదు. స్టేషను సిబ్బంది దానిని చూసిన తరువాతే బండి మధ్యలో తెగిపోక పూర్తిగా వచ్చినదని నిర్ధారించుకుంటారు. చివరివాడు కూడా చేరినప్పుడే పందెం పూర్తి అయినట్లు అని నాకు తోస్తుంది.

మన అభిమానం ఈ దృష్టితో చూస్తే ఎట్లా ఉన్నది? 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ కప్పు సెమీఫైనల్. 252 పరుగుల లక్ష్యానికి మనవారు 8 వికెట్లకు 120 వద్ద ఉండగా ప్రేక్షకులు సీసాలు విసిరి, మంటలు పెట్టి ఆటనే ఆపివేశారు. విజయం శ్రీలంకకు ఇవ్వబడినది. 2007లో జట్టు తొలి దశలో ఓడితే, రాంచీలో నిర్మాణంలో ఉన్న ధోనీ ఇంటిపై దాడి జరిగినది. 2023 నవంబరు 19న మన గుజరాత్‌లోనే, అహమ్మదాబాదులో, వరుసగా 10 పోటీలు గెలిచివచ్చిన జట్టు 240 పరుగులు చేసి ఆస్ట్రేలియా చేతిలో ఓడినది. ట్రావిస్ హెడ్ 137 పరుగుల ఇన్నింగ్సు ఎంత గొప్పదో చెప్పుకొనే ఓపిక ఆ రాత్రి మా కాలనీలో ఎవరికీ లేదు. పది విజయాలు ఒక్క రాత్రిలో మరుగైనవి. ఎప్పుడూ కలిసి టీ త్రాగే ఇద్దరు పెద్దలు ఎవరిని దూషించాలన్న విషయంలోనే తగవుపడి వారం రోజులు పలకరించుకోలేదు. ఆ మాటలన్నీ పిల్లలు ప్రక్కనే కూర్చుండి విన్నారు.

ఆ మరుసటి ఆదివారం ఓల్పాడ్ తీరపు గట్టుమీద నా రెండు చక్రాలకూ ఒకేసారి ముళ్ళు దిగినవి. నా వద్ద ఉన్నది ఒక్క అదనపు ట్యూబు. సమీపపు రొయ్యల చెరువు వద్ద కాపలా ఉన్న యువకుడు నన్ను చూసి హిందీలో పలకరించి, నా యాస గుర్తుపట్టి తెలుగులోకి దిగాడు. భీమవరం ప్రాంతం వాడు. బేసినుతో నీళ్ళు తెచ్చి, ట్యూబును ముంచి, బుడగలు వచ్చేచోటు పట్టి అతికించడంలో సాయపడుతూ మాట ఫైనల్ వైపు మళ్ళించాడు.

“మావాళ్ళందరూ సగంలోనే ఫోను కట్టేశారండి. నేను మాత్రం ఆళ్ళకి కప్పు ఇచ్చేదాకా చూశానండి.”

“ఓడిపోతున్నారని తెలిసీ చూడటం కష్టం కాదా తమ్ముడూ?”

“వైట్ స్పాట్ వచ్చిన ఏడు చెరువంతా పోద్దండి. అలాగని గట్టు దిగిపోతామా అండి? మళ్ళీ సీడు వదలాలి కదండి. ఆళ్ళూ అంతే కదండి సార్, మళ్ళీ ఆడాలి.”

రాత్రంతా మేలుకొని, ఏరేటర్లు ఆగకుండా చూసుకొనే మనిషి మాట అది. తన శ్రమలో ఓటమిని రుచిచూసినవాడు పరుల ఓటమిని దూషించలేడు. బంతి తాకని చేతులకూ, చెమట పట్టని నుదుళ్ళకూ కోపం సులభంగా వస్తుంది. మన వృత్తిలో ఒక పంపు మొరాయించినప్పుడు రాత్రి షిఫ్టు సిబ్బంది ఎంత యాతన పడతారో ఎరిగినవారం మనం. అదే న్యాయం ఆటగాళ్ళకు వర్తింపజేయలేమా?

కావున మిత్రులకు నా విన్నపం ఒక్కటే. అభిమానాన్ని వదలుకొనవద్దు. అది లేని జీవితం చప్పిడి కూడు. కాని వారానికి ఒక్క పూటైనా ఏదో ఒక ఆట స్వయంగా ఆడండి, పిల్లలను వెంట తీసుకొనిపొండి. గెలుపునకు ఎంత గాలిని చీల్చవలెనో దేహానికి తెలియనివ్వండి. ఈసారి మనవారు ఓడినప్పుడు టీవీ కట్టివేయక చివరి వరకు కూర్చుండి, గెలిచినవారికీ, ఓడినవారికీ పిల్లల చేత చప్పట్లు కొట్టించండి. చివరి పెట్టె ఎర్రదీపం కంటపడేవరకు ప్లాట్‌ఫారం మీద నిలిచినవారికే బండి పూర్తిగా వచ్చినదని తెలుస్తుంది.