యోగ్యానుపలబ్ధి

మా తండ్రిగారు స్వరసహితంగా వ్రాసుకున్న వేదపాఠపు ప్రతిని తమ్ముడు కాశీ నుండి స్పీడ్ పోస్టులో రావులపాలేనికి పంపాడు. దానికి మరొక ప్రతి లేదు. రసీదుపైనున్న 13 స్థానాల సంఖ్యతో ఫోనులో చూస్తే, రెండు దినాలుగా ‘ఐటమ్ బ్యాగ్డ్’ అన్న మాటే. పోయిందేమోనని ఇంటిల్లిపాదికీ ఆందోళన.

పార్శిలును సంచిలో చేర్చి మూతి బిగించారని ఆ మాటకు అర్థం. ఆపై దారిలో నమోదయ్యేది సంచి మాత్రమే. అది విప్పేదాకా లోపలి వస్తువు విడిగా కనబడదు. రాజమహేంద్రవరంలో సంచి విప్పగానే స్థితి మారింది. ‘ఔట్ ఫర్ డెలివరీ’ అన్నా పోస్ట్‌మాన్ చేతికి అందినట్లే గాని, మన చేతికి కాదు.

వేదాంతంలో అనుపలబ్ధి ఒక ప్రమాణం. అయితే ఉంటే కనబడవలసిన చోట కనబడనప్పుడే అభావం సిద్ధిస్తుంది. చీకటిగదిలో కుండ కానరాలేదని కుండ లేదనరాదు. జపఫలం కానరాలేదని ఖిన్నులయ్యే సాధకులు, ఈశ్వరానుగ్రహం లేదని నిశ్చయించే ముందు, దానిని చూడదగిన వెలుగు తమ అంతఃకరణంలో ఉన్నదా అని విచారించాలి.