మేస్త్రీ పక్కన నిలబడ్డ మనిషి

మా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామని మావారూ, మరిదిగారూ అనేసుకున్నారు. ఆదివారం బిల్డర్ వస్తాడట. నన్నెవరూ అడగలేదు. ఆ ఇల్లు కట్టేటప్పుడు మావారు మస్కట్‌లో ఉన్నారు. పునాదుల నుంచి స్లాబుకి నీళ్లు కట్టేదాకా, చంటిదాన్ని చంకనేసుకుని మేస్త్రీ పక్కన నిలబడింది నేనే.

అందుకేనేమో, ఫ్రాన్సులోని షెనాన్సో కోట గురించి చదువుతూ పొయ్యి మీద పాలు మర్చిపోయాను. 1513లో అది తోమా బొయే చేతికొచ్చింది. రాజుగారి ఖజానా ఉద్యోగి. ఆయన ఇటలీ యుద్ధాల వెంట తిరుగుతుంటే, పని చూసుకుంది భార్య కేథరీన్ బ్రిసొనే. పాత కోటలో ఒక్క బురుజు ఉంచి మిగతాది పడగొట్టించారు. షేర్ నదిలో ఉన్న పాత పిండిమర పునాదుల మీదే కొత్త భవనం లేపారు. (ఉన్న పునాది వదులుకోకపోవడం... ఆ లెక్క ఏ ఇల్లాలికైనా అర్థమవుతుంది!)

అప్పటికి ఫిరంగుల ముందు పాతకాలపు కోటగోడలు నిలవడం లేదు. బాణాలు వేసే సందుల బదులు పెద్ద పెద్ద కిటికీలొచ్చాయి. మధ్యలో నడవ, దానికి అటూ ఇటూ గదులు. గుండ్రంగా తిరిగే మెట్లకు బదులు ఇటలీ తరహాలో తిన్నటి మెట్లు. ఫ్రాన్సులో అలాంటివాటిలో మొదటివాటి కింద చెబుతారు. చేత్తో బిందె పట్టుకుని మెట్లెక్కిన మనిషికే తెలుస్తుంది ఆ తేడా. ఇక వంటిల్లయితే నదిలోని స్తంభాల లోపలే! సరుకుల పడవ తిన్నగా దాని కిందికే వచ్చి ఆగేదట.

1521కి కట్టడం పూర్తయింది. 1524లో ఆయన, 1526లో ఆవిడ పోయారు. 1535లో బాకీల కింద కోట రాజు పాలైంది. ఆ తర్వాత నది మీద వంతెన వేయించిన డయాన్, దానిమీద మేడ కట్టించిన కేథరీన్ ద మెదిచి, వీళ్ల కథలే అందరూ చెబుతారు. కానీ కోటలో టీ, బీ, కే అన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి. తోమా బొయే, కేథరీన్. ఆ కే దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

బిల్డర్ పంపిన ప్లాను రాత్రి చూశాను. వంటిల్లు ఎనిమిదికి ఆరు, కిటికీ డక్టులోకి. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. మావారు చూసి ఏమీ అనలేదు. అగ్రిమెంటు కాగితంలో సంతకాల చోట రెండు పేర్లే ఉన్నాయి. కింద నా పేరు రాశాను, ప్రస్తుతానికి పెన్సిల్‌తో.