రెండు మరకలు

మా అమ్మ రోజూ పొద్దున్నే షెడ్డులో ఒకేచోట గుప్పెడు బూడిద చల్లుతుంది. అంబాసిడర్ కింద నూనె మరక ఉంటుందక్కడ. మొదట అరచేయంత ఉండేది. పోయిన వానాకాలానికి అన్నం పళ్లెమంత అయింది.

ఎల్లారెడ్డిలో మా ఇంటి బండి అది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014 మేలోనే ఆగిపోయినా, బాపు మాత్రం తన బండిని ఆపలేదు. అన్ననూ నన్నూ చదువులకు కామారెడ్డి స్టేషన్‌లో దింపి రైలెక్కించింది అందులోనే. మా వాడలో సగంమంది పెళ్లికూతుళ్లు అత్తారింటికి వెళ్లిందీ అందులోనే. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక బాపు స్టీరింగ్ ముట్టలేదు. రెండేళ్లుగా బండి షెడ్డు దాటలేదు.

కామారెడ్డిలో ఉండే అన్న ఓ మెకానిక్‌ను తీసుకొచ్చాడు. ఆయన వంగనైనా వంగలేదు. నిలబడే నేల మీద మరక చూసి, ‘గేర్ బాక్సు పోయింది, మొత్తం దించాలె, పాతిక వేలైతది’ అన్నాడు. అంత పెట్టడం దండగని అన్న తుక్కు వ్యాపారితో మాట్లాడేశాడు. ఆదివారం వస్తాడట. నేను శుక్రవారం రాత్రి ఇంటికి చేరేసరికి బాపు ఒక్కటే మాటన్నాడు.

‘‘అమ్ముతె అమ్ముండ్రి బిడ్డా. కని దానికి ఏం రోగమున్నదో తెలుసుకోని అమ్ముండ్రి.’’

ఆ రాత్రే చాచా దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు మా ఊళ్లో లారీల నుంచి స్కూటర్ల దాకా బాగుచేసిన మనిషి. ఇప్పుడు నడుం వంగదు. ‘‘నేను కుర్చీల కూసుంట, నువ్వు వండుకో’’ అన్నాడు. ‘పండుకో’ అనబోయి అలా అన్నాడేమో గానీ, మొత్తానికి బండి కింద పడుకోవాల్సింది నేనే అని అర్థమైంది.

టీవీ డబ్బా చింపి, ఆ అట్టను బండి కింద పరిచాం. చక్రాలు ఎక్కడున్నాయో, ముందు ఏదో, వెనక ఏదో పెన్నుతో గుర్తులు పెట్టమన్నాడు చాచా. నేల నూనెను తాగేస్తుంది, అట్ట దాచుకుంటుంది. తెల్లారి చూస్తే ఒకటి కాదు, రెండు మరకలు! ఒకటి ఇంజిన్ వెనక, నల్లగా, చిన్నగా. రెండోది ఇంకా వెనక, సీట్ల కింద, తేనె రంగులో, చిక్కగా.

‘‘వాసన చూడు’’ అన్నాడు చాచా. నల్లదాంట్లో కాలిన వాసన. రెండోదాంట్లో దీపావళి పటాసుల వాసన! మెకానిక్‌లు తొంభై నంబరు అనే గేర్ ఆయిల్‌లో పళ్లు అరగకుండా గంధకం మందులు కలుపుతారు. ఆ ఘాటే అది. బ్రేక్ ఆయిలైతే పల్చగా ఉండి, చక్రాల దగ్గర కారి, రంగును కూడా లేపేస్తుందట. ఆటోమేటిక్ బండ్ల నూనెకైతే మామూలుగా ఎర్ర రంగే కలుపుతారు గనక చూడగానే తెలుస్తుంది. మాది చేతి గేర్ల బండి, ముక్కునే నమ్ముకోవాలి.

అయినా మరక పడ్డచోటే రోగం ఉండదు. మా షెడ్డు ఏటవాలు. బండి మూతి పైకి, తోక కిందికి. నూనె ఎక్కడో పుట్టి, ఇనుము వెంబడి పాకి, ఇంకెక్కడో రాలుతుంది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, ‘‘జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం ఎన్నడు దూరకు’’ అని హెచ్చరించి, కిరోసిన్ గుడ్డతో అడుగంతా తుడవమన్నాడు. ఆరాక అమ్మ ముగ్గు పిండి అడిగి తెచ్చి గేర్ బాక్సు చుట్టూ చల్లాను. సగం నా జుట్టులోనే పడింది. మధ్యాహ్నానికి తెల్లటి పిండి మీద సన్నటి తడిగీత. గేర్ బాక్సు చివర, వెనక చక్రాలకు వెళ్లే పొడవాటి షాఫ్టు బయటికొచ్చే చోట!

అక్కడో రబ్బరు సీలు. బండి నడుస్తుంటే దాన్ని నూనె తడుపుతూ ఉంటుంది. రెండేళ్లు నిలబెడితే ఎండి గట్టిపడింది. ఏటవాలు వల్ల నూనె అంతా అటువైపే చేరింది. గేర్ బాక్సు దించక్కర్లేదు, షాఫ్టు విప్పితే చాలు. సీలు ఖరీదు కొన్ని వందలు.

‘‘మరి ఆ నల్లది?’’

చాచా నవ్వాడు. ఆ కాలపు పెట్రోల్ ఇంజిన్‌కు వెనక రబ్బరు సీలే పెట్టలేదట. షాఫ్టు మీద మర చుట్టులాంటి గాడి ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ అది నూనెను లోపలికి నెడుతుంది. ఆగిందా, చుక్క కారుతుంది. ‘‘అది రోగం గాదు బిడ్డా, అలవాటు.’’

ఆదివారం తుక్కు వ్యాపారి రానే వచ్చాడు, వెనకే అన్న. బాపు ఇద్దరికీ చాయ్ ఇప్పించి, అట్టముక్క ఒళ్లో పెట్టుకుని ఏ మరక ఎక్కడిదో ఒక్కొక్కటే చూపించాడు. అన్న చాలాసేపు మాట్లాడలేదు. అమ్మనని మాత్రం బాపు అనలేదు.

‘‘తుక్కుకైతే ఇయ్య. నడుపుకునేటోడొస్తె చెప్పుండ్రి, బేరమాడుదం.’’

సీలు ఆ తర్వాతి వారం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికింది. నడుపుకునేవాడు ఇంకా రాలేదు. అమ్మ మాత్రం పొద్దున్నే బూడిద చల్లుతూనే ఉంది, ఆ నల్లచుక్క కోసం.