అక్క వదులుకున్న లెక్క

2018 ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున మా చిన్నక్క యలమంచిలి స్టేషనులో రైలు దిగింది. నాలుగేళ్ల కువైట్ జీవితమంతా ఆమె చేతిలోని ఒక్క గుడ్డసంచిలో ఇమిడిపోయింది.

"ఫైను మాఫీ చేసి పంపేసేర్రా" అన్నది, నవ్వుతూనే.

నివాస అనుమతిని అక్కడ అకామా అంటారు. రుసుము చెల్లించి దానిని పునరుద్ధరించవలసిన బాధ్యత కఫీలుది, అనగా యజమానిది. గడువు దాటితే మాత్రం, దేశం విడిచే వేళ జరిమానా అడ్డు నిలిచేది పనిమనిషికే. అప్పట్లో రోజుకు 2 దినార్లు, గరిష్ఠంగా 600. మన లెక్కలో దాదాపు లక్షా ముప్పై వేలు. నెలకు 60 దినార్లకు కుదిరిన అక్కకు అది పది నెలల జీతం.

ఏడు నెలలు జీతం ఇవ్వని ఇంటి నుండి ఆమె 2016లో బయటపడింది. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అకామా గడువు తీరిపోయింది. అలాంటివారిని అక్కడి మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు. మరుసటి ఏడు అమ్మ పోయినప్పుడు అక్క రాలేకపోయింది. ఫోనులో ఆమె ఏడుపు విని ఊరుకోవడం తప్ప నేను చేయగలిగినది లేకపోయింది.

2018 జనవరి 29 నుండి కువైట్‌లో క్షమాభిక్ష అమలైంది. ఫిబ్రవరి 22తో ముగియవలసిన గడువును ఏప్రిల్ 22 వరకు పొడిగించారు. జరిమానా కట్టి అకామా సరిచేసుకోవచ్చు, లేదా కట్టకుండా వెళ్లిపోవచ్చు. అక్క మన రాయబార కార్యాలయం వద్ద వరుసలో నిలబడి ఔట్‌పాసు తెచ్చుకున్నది.

ఆ మాఫీకి నేను కృతజ్ఞుడనే. అది లేకుంటే ఆమె ఎన్నాళ్లకు ఇల్లు చేరేదో! అయితే ఆమెకు రావలసిన 420 దినార్ల మాట ఎవరూ ఎత్తలేదు. జీతం కోసం ఫిర్యాదు చేసి కూర్చుంటే క్షమాభిక్ష గడువు దాటిపోతుందన్న భయం ఆమెది. ప్రభుత్వం తనకు రావలసినది వదులుకున్నది. అక్క కూడా తనకు రావలసినది వదులుకున్నది. మొదటిదానికి క్షమాభిక్ష అని పేరున్నది. రెండవదానికి ఏ పేరూ లేదు.

2024 మార్చి 17 నుండి కువైట్ మరల క్షమాభిక్ష ఇచ్చినప్పుడు పత్రికలోని ఆ వార్తను అక్కకు చదివి వినిపించాను. చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"జీతాల సంగతేటైనా రాసేరేట్రా తమ్ముడూ?" అన్నది.

వార్తను మరొకమారు చదివాను. ఆ సంగతి అందులో లేదు.