మా ఇంటి మీట, నా కంప్యూటరు

నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు అంటారు. ఈ మాటను చిన్ననాటి నుండి వింటూ వచ్చినా, దాని అర్థం నాకు గత వేసవిలో మా ఇంటి గోడమీది కరెంటు పెట్టె ఎదుట నిలబడినప్పుడు గాని బోధపడలేదు. ఆ అనుభవం తోటి విద్యార్థులకు ఉపయోగపడగలదన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా ఇల్లు జల్‌పల్లిలో ఉంది. పహాడీ షరీఫ్ కొండమీది దర్గాకు వెళ్లే యాత్రికులకు మా ప్రాంతం సుపరిచితమే. ఒకప్పటి ఈ పల్లె నేడు నగరంలో కలిసిపోయినట్లే ఉంది. ఇళ్లు పెరిగాయి, ఇంటింటా యంత్రాలు పెరిగాయి. గోడల లోపలి తీగలు మాత్రం చాలా చోట్ల పాతవే. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, తొలినాళ్లలోనే టి.డి.సి.-12 అన్న కంప్యూటరును తయారుచేసింది. ఆనాటి కంప్యూటర్లకు ప్రత్యేకమైన గదులు, ప్రత్యేకమైన విద్యుత్తు ఏర్పాట్లు ఉండేవి. నేడు అదే కంప్యూటరు మన ఇంటి మంచం పక్కన, ఇస్త్రీపెట్టెకూ కూలరుకూ పొరుగున కాపురం చేస్తున్నది.

నా కంప్యూటరు అటువంటిదే. పాతది కొన్నాను. దానిమీద 1994లో వెలువడిన ఇన్‌పేజ్ అన్న సాధనంతో ఉర్దూ పుటలు కూర్చి, పెళ్లిపత్రికల పని చేసి, నా చదువు ఖర్చులో కొంత సంపాదించుకొంటున్నాను. ఒకనాడు ఛత్తా బజారులో కాతిబులు కలంతో చేసిన పని ఇప్పుడు మావంటి వారి వ్రేళ్ల మీదికి వచ్చింది. అయితే కాతిబు కలం మధ్యలో ఆగిపోతే వ్రాసిన పంక్తి కాగితం మీద మిగిలేది. నా కంప్యూటరు ఆగిపోతే మూడు పుటల శ్రమ గాలిలో కలిసిపోయేది.

ఏప్రిల్ నెలలో ఈ బాధ మొదలైంది. పని చేస్తూ ఉండగా తెర హఠాత్తుగా నల్లబడి, కంప్యూటరు తనంతట తానే మళ్లీ మొదలయ్యేది. అదే రోజులలో మధ్యాహ్నం వేళ ఇంటి మీట టక్కున పడిపోయి, ఇల్లంతా చీకటయ్యేది. రెండు కష్టాలు ఒకేసారి వచ్చేసరికి, రెండింటికీ కారణం ఒకటేనని ఇంటిల్లిపాదీ నిర్ణయించారు. నేరం నా కంప్యూటరు మీద పడింది. "ఆ డబ్బా వచ్చినప్పటి నుంచే ఇంటికి ఈ అరిష్టం" అన్నారు మా మామూజాన్. నాకు కూడా కాదనడానికి ధైర్యం చాలలేదు. మీట పడిన ప్రతిసారీ కంప్యూటరు నడుస్తూనే ఉండేది మరి!

మామూ ఒక ఉపాయం చెప్పారు. "16 ఆంపియర్ల మీట తీసి 32ది పెట్టించు. ఆ పక్కనున్న తెల్లపెట్టెను తప్పించి తీగలు నేరుగా కలిపెయ్యి బేటా, పీడ వదులుతుంది." నా పని చెడుతున్నదన్న కోపంలో నాకు ఆ సలహా ఎంతో నచ్చింది. సిగ్గుపడుతూ ఒప్పుకొంటున్నాను, స్క్రూడ్రైవరు చేతబట్టాను కూడా. ఇంతలో మగ్రిబ్ అజాన్ వినిపించింది. మామూ మసీదుకు బయలుదేరారు. పని మరునాటికి వాయిదా పడింది.

ఆ రాత్రి నేను ఆ పెట్టెను గూర్చి చదవడానికి కూర్చున్నాను. మేము అంతవరకు "మీట" అని ఒకే పేరుతో పిలుస్తున్నవి రెండు వేర్వేరు వస్తువులని అప్పుడే తెలిసింది. మొదటిది ఎం.సి.బి. తీగ మోయగలిగిన దానికన్న ఎక్కువ కరెంటు పారితే, దానిలోని రెండు లోహాల పట్టీ వేడికి వంగి మీటను పడవేస్తుంది. తీగలు ఒకదానితో ఒకటి కలిసిపోతే, లోపలి తీగచుట్ట అయస్కాంతమై క్షణంలో ఆ పని చేస్తుంది. అది గోడలోని తీగకు కాపలాదారు. 16 ఆంపియర్లకు తగిన తీగకు 32 ఆంపియర్ల మీట బిగిస్తే, తీగ కాలుతున్నా కాపలాదారు నిద్రపోతాడు. రెండవది ఆర్.సి.సి.బి. ఇంటిలోనికి వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తున్నదా లేదా అని అది లెక్క చూస్తుంది. సాధారణంగా ఇళ్లలో వాడే రకంలో ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, సెకనులో పదింట మూడు వంతులు మించకుండా సరఫరాను ఆపివేస్తుంది. తిరిగి రాని ఆ కరెంటు ఎక్కడికి పోతున్నట్లు? నేలలోనికి. బహుశా ఒక మనిషి గుండా. ఈ రెండవది మనిషికి కాపలాదారు.

మరునాడు పెట్టెను పరిశీలించాను. మధ్యాహ్నం పడిపోతున్నది ఎం.సి.బి. కాదు, ఆ తెల్లపెట్టె! లెక్క కట్టి చూశాను. ఆ వేళకు నడిచేవి కూలరు, కంప్యూటరు, రెండు పంకాలు. అన్నీ కలిపినా 600 వాట్లు దాటవు. 230 వోల్టుల వద్ద అది 3 ఆంపియర్లకు లోపే. బరువు ఎక్కువైందన్న మాట అబద్ధమని తేలింది. స్క్రూడ్రైవరును పక్కన పెట్టి, ఒక నోటుపుస్తకం తీసుకొన్నాను.

పది రోజులు ఓపికగా వ్రాశాను. తేదీ, గంట, పడినది ఏ మీట, అప్పుడు ఇంటిలో నడుస్తున్నవి ఏవి, అంతకు కొంచెం ముందు ఎవరు ఏమి చేశారు. పదవ నాటికి పుస్తకమే మాట్లాడింది. తెల్లపెట్టె పడిన ప్రతిసారీ, అంతకు కొద్ది నిమిషాల ముందు అమ్మీ కూలరులో నీళ్లు పోసింది. కంప్యూటరు ఆగిపోయిన వేళలు వేరు. అవి ఎక్కువగా సాయంకాలాలు, బోరు మోటారు వేసినప్పుడు దీపాలు ఒక్కసారి మసకబారే క్షణాలు. అంటే రోగాలు రెండు. ఒకే ఇంట, ఒకే నెలలో రావడం చేత అవి ఒకటిగా కనిపించాయి.

మిస్త్రీని పిలిపించాము. ఆయన అన్నింటి ప్లగ్గులు తీయించి, ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టించారు. పొడి కూలరు పెట్టగా ఏమీ కాలేదు. నీళ్లు పోయగా, తొణికిన నీళ్లు ఇనుప స్టాండు మీదుగా నేలకు జారగా, మీట టక్కున పడింది. లోపలి చిన్న పంపు తీగపైని తొడుగు పాడై, కూలరు ఒంటికి కరెంటు ప్రాకుతున్నది. దానికి ఉన్నది రెండు కాళ్ల ప్లగ్గు. ఎర్తు అన్నదే లేదు.

అప్పుడు అమ్మీ నెమ్మదిగా అన్నది: "నేను చెప్పలేదా బేటా, ఆ కూలరును ముట్టుకొంటే చెయ్యి జివ్వుమంటున్నదని?"

నిజమే. రెండు మూడు సార్లు చెప్పింది. "ఏదో భ్రమ అమ్మీ" అన్నాను నేను. తడి చేతులతో, ఒట్టి కాళ్లతో, రోజూ బిందెతో నీళ్లు పోసేది ఆమె. నేను తప్పించబోయిన ఆ తెల్లపెట్టె ఒక్కటే ఆమెకూ ఆ కరెంటుకూ మధ్య నిలబడి ఉన్నది. ఆ మాట తలచుకొంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

పంపు మార్చి, మూడు కాళ్ల ప్లగ్గు బిగించారు. మా నేల రాతినేల, వేసవిలో ఎండిపోతుంది. ఎండిన నేల కరెంటును సరిగా తీసుకోదు. అందుచేత ఎర్తు గోతిని మళ్లీ త్రవ్వించి, బొగ్గూ ఉప్పూ నింపించి, వేసవిలో దానికి నీళ్లు పోసే పనిని నేను తీసుకొన్నాను.

ఇక కంప్యూటరు సంగతి. విండోస్ తన చిట్టాలో 41 అన్న సంఖ్యతో, "సక్రమంగా మూయకుండానే ఆగిపోయాను" అన్న భావం వ్రాసుకొంటున్నది. కాని కారణం చెప్పదు. కనుక ఒకసారికి ఒక్క మార్పే చేశాను. దుమ్ము దులిపి వేడిని చూశాను, సరిగానే ఉంది. రాత్రంతా మెమరీ పరీక్ష నడిపాను, ఒక్క తప్పు లేదు. చివరకు మిత్రుని వద్ద పవర్ సప్లై పెట్టె అరువు తెచ్చి బిగించాను. వారం దినాలు ఒక్కసారైనా ఆగలేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఒక ఆవృత్తి 20 మిల్లీసెకనులు. మంచి పవర్ సప్లై దాదాపు అంత కాలం కరెంటు లేకపోయినా తన కెపాసిటర్లలోని నిలువతో నెట్టుకురాగలదు. నా పాత పెట్టెలో ఆ కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయని మరమ్మతు చేసే అతను విప్పి చూపించాడు. మోటారు మొదలైన క్షణాన పీల్చుకొనే అధిక కరెంటుకు వోల్టేజి తగ్గగానే అది చేతులెత్తేస్తున్నది. మిత్రులకు ఒక హెచ్చరిక: ఆ పెట్టెను మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండగలదు.

మామూజాన్‌కు జరిగినదంతా చెప్పాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, తమ ఇంటి పెట్టెలో అటువంటి తెల్లపెట్టె ఉన్నదో లేదో వచ్చి చూడమన్నారు. వెళ్లి చూశాను. లేదు. మరుసటి శుక్రవారం నమాజు తరువాత ఇద్దరం కలిసి వెళ్లి కొనితెచ్చాము.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీట పడినప్పుడు మనకు కోపం వస్తుంది. అది మన పనిని ఆపుతుంది కదా! కాని అది ఆపుతున్నది దేనినో తెలిసికొనకుండా దాని నోరు మూయవద్దు. ఇంటిలో చదువు తక్కువైన వారు "చెయ్యి జివ్వుమంటున్నది" అన్నప్పుడు, మన పుస్తకాలను కొంచెం పక్కన పెట్టి ఆ మాట వినండి. నా నోటుపుస్తకం పది రోజులకు చెప్పిన సంగతిని, అమ్మీ మొదటి రోజే చెప్పింది.