తాళం ఇవ్వని మేస్త్రి

బెజవాడ ఆటోనగర్‌లో దొరకని వస్తువుండదు, ఒక్క నమ్మకం తప్ప అని మా బావమరిది ఎప్పుడూ జోకేస్తుంటాడు. నేను ఒప్పుకోను. అదీ దొరుకుతుంది. కాకపోతే దానికి బోర్డు ఉండదు, మనమే వెతుక్కోవాలి. పోయిన వేసవిలో కారు ముందు అద్దం మార్పించాల్సి వచ్చి, రెండు రోజులు ఆ వీధులన్నీ తిరిగాక చెబుతున్న మాట ఇది.

కారు మా పెద్దమ్మాయిది. గుంటూరులో కాలేజీలో పాఠాలు చెబుతుంది. రోజూ హైవే మీద రానూపోనూ ప్రయాణం. కంకర టిప్పర్ల వెనక వెళ్లినవాళ్లకి ఆ బాధ చెప్పక్కర్లేదు. కాజ టోల్‌ప్లాజా దాటాక చింతగింజంత రాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. సాయంత్రం చూస్తే కందిగింజంత మచ్చ. మర్నాడు మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారెక్కి ఏసీ వేసింది. అద్దానికి బయట నిప్పులు, లోపల చలి. అమ్మాయి చూస్తుండగానే ఆ మచ్చలోంచి జానెడు గీత పాకింది. ఇంటికొచ్చేసరికి అది మూరెడయింది.

అద్దమే కదా, ఎవరు బిగిస్తే ఏముంది అనుకునే రోజులు అంబాసిడర్‌తోనే పోయాయి. అప్పట్లో అద్దం చుట్టూ రబ్బరు బీడింగ్ ఉండేది. తాడు పెట్టి లాగి కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పటి కార్లలో అద్దాన్ని పాలీయురెథేన్ అనే గమ్ముతో బాడీకి అతికిస్తారు. బండి పల్టీ కొడితే పైకప్పు అణిగిపోకుండా కాసేవాటిలో ఈ అద్దమూ ఒకటి. పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో పైకి లేచి, ఈ అద్దానికి ఆనుకునే మనిషి వైపు ఉబ్బుతుంది. గమ్ము పట్టు లేకపోతే అద్దం ఊడి బయటపడుతుంది. ఆనుకోవడానికి ఏమీ లేక ఎయిర్‌బ్యాగూ ఎటో పోతుంది. మనం బేరమాడేది కంటికి కనిపించే అద్దానికి. ప్రాణం ఉన్నది కనిపించని జిగురులో. బాగా అతికించినా, నాసిగా అతికించినా పైకి ఒకేలా మెరుస్తుంది. అదీ చిక్కు!

మొదటి షాపువాడు కారు వైపు సరిగ్గా చూడనైనా చూడకుండానే, 'టీ తాగొచ్చేలోపు ఇచ్చేస్తాం సార్' అన్నాడు. రేటూ తక్కువే. ఏ కంపెనీ అద్దమని అడిగితే 'అన్నీ ఒకటే సార్, కంపెనీ మాలే' అన్నాడు. గోడకి ఆనించిన అద్దం నాలుగు మూలలూ వెతికాను. మా పాత అద్దం మూలన తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు ముద్రించి ఉన్నాయి. వాడి అద్దం మీద ఏమీ లేవు. పసిపాప చెంపలా నున్నగా ఉంది.

ఆ ముద్రకి అంత పట్టింపు ఎందుకంటే, ముందు అద్దం ఒక్క పలక కాదు. రెండు పలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మొహం మీద పడవు. పక్క అద్దాల సంగతి వేరు, అవి పటికబెల్లం పలుకుల్లా రాలతాయి. ఈ పొర ఉపాయం ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి ఆయనది. ఆయన ప్రయోగశాలలో ఓ గాజు కుప్పె కిందపడి పగిలినా ముక్కలు విడిపోలేదట. చూస్తే లోపల ఎండిపోయిన రసాయనం పొరలా పట్టి ఉంది. 1909లో పేటెంటు తీసుకున్నాడు. వందేళ్లు దాటినా మన నెత్తురు కళ్లజూడకుండా కాస్తున్నది ఆ పొరే. ముద్ర లేని అద్దంలో ఆ పొర ఏపాటిదో ఎవరికి తెలుసు?

రెండోది పెద్ద షాపు. ఏసీ గది, కాఫీ, మెత్తటి సోఫా. 'ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం, మీ జేబులోంచి పైసా కదలదండీ' అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. పాలసీ కాగితం నా జేబులోనే ఉంది. నిజమే, అద్దానికి తరుగుదల కోత ఉండదు. కానీ 1500 సీసీ లోపు కారుకి క్లెయిములో మొదటి వెయ్యి మనదే. అంతకంటే పెద్దది నో క్లెయిమ్ బోనస్. నాలుగేళ్లు ఏ క్లెయిమూ చేయనందుకు మా అమ్మాయికి సొంత డ్యామేజీ ప్రీమియంలో 45 శాతం తగ్గింపు ఉంది. అయిదో ఏడూ గడిస్తే 50 శాతం. బోనస్‌ని కాపాడే అదనపు కవరేదీ లేదు కాబట్టి, ఇప్పుడు క్లెయిము చేస్తే వచ్చే ఏడాది అది సున్నా. ఆ లెక్క అడిగితే 'అవన్నీ రెన్యువల్‌లో చూసుకోవచ్చండీ' అని నవ్వింది. పని జరిగేటప్పుడు చూడొచ్చా అంటే, లోపలికి కస్టమర్లని రానివ్వరట.

పెద్ద షాపులన్నీ అంతేనని కాదు. అద్దం వెనక కెమెరా ఉండి లైన్లు గమనించే కొత్త కార్లకి, అద్దం మార్చాక ఆ కెమెరాని మళ్లీ సరిచూసే పరికరం కావాలి. అలాంటి కారున్నవాళ్లు అది ఉన్నచోటికే వెళ్లాలి. మాది ఆ బాపతు కాదు.

మూడోది ఒక రేకుల షెడ్డు. యాభై దాటిన మేస్త్రి. మా ముందు ఒక కుర్రాడు కారు తెచ్చి అద్దం మార్చమన్నాడు. మేస్త్రి మచ్చ మీద రూపాయి బిళ్ల పెట్టి చూశాడు. 'ఇంత చిన్నదానికి మార్చడమెందుకు బాబూ? డ్రైవరు చూపుకి అడ్డం కూడా లేదు. రెజిన్ ఎక్కిస్తే సరిపోతుంది. నీళ్లూ దుమ్మూ దిగకముందే తెచ్చావు' అని, వేలల్లో రావాల్సిన పనిని వందల్లో తేల్చి పంపించేశాడు. నాకు సగం నమ్మకం అక్కడే కుదిరింది.

మా కారు చూసి 'ఇది మార్చాల్సిందేనండీ' అన్నాడు. ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఎవరు నడుపుతారు, రోజూ ఎంత దూరం అని అడిగాడు. మూడయింది కాబట్టి ఇవాళ మొదలుపెట్టనన్నాడు. 'రేపు తొమ్మిదింటికి తెండి. సాయంత్రం దాకా బండి నాది' అన్నాడు.

మర్నాడు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. అతనేం విసుక్కోలేదు. ముందుగా ఫాస్టాగ్ గురించి చెప్పాడు: ఊడదీస్తే పనిచేయదు, బ్యాంకులో కొత్తది పెట్టుకోండి అని. తీగతో గమ్ము కోసి పాత అద్దం దించాడు. పాత గమ్ముని మొత్తం గీకేయకుండా పల్చటి పొర మిగిల్చాడు. కొత్తది దాన్నే పట్టుకుంటుందట. ఒకచోట పెయింటు లేచి ఇనుము కనిపిస్తే ప్రైమరు పూసి ఆరబెట్టాడు. వదిలేస్తే ఏడాదికి తుప్పు, ఆ తర్వాత కారడం. గమ్ము ట్యూబు మీద గడువు తేదీ నాకు చూపించి మరీ కోశాడు. చేతికి తొడుగులు లేకుండా అద్దం అంచు ముట్టనివ్వలేదు. ముట్టబోయిన వాళ్ల కుర్రాడికి ఒకటి తగిలింది కూడా.

పదకొండున్నరకల్లా అద్దం కూర్చుంది. చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంది. పన్నెండింటికి అమ్మాయి ఆటోలో వచ్చి దిగింది. రెండింటికి కాలేజీలో మీటింగుందట. 'నాన్నా, అయిపోయిందిగా, ఇంకెందుకు?' అంది. నేను మేస్త్రి వైపు చూశాను.

'తాళం ఇవ్వనమ్మా' అన్నాడు. 'ఈ గమ్ము గట్టిపడ్డానికి ట్యూబు మీద రాసిన టైము ఇంకా కాలేదు. అద్దం కదలదు, నిజమే. దారిలో ఎవడైనా గుద్దితే మాత్రం అది మిమ్మల్ని కాయదు. బస్సులో వెళ్లండి, సాయంత్రం నాన్నగారు తెస్తారు.'

అమ్మాయి మొహం మాడ్చుకుంది కానీ బస్సులోనే వెళ్లింది. ఇంట్లో మా ఆవిడ మాత్రం ఆ మాట విని, ఆ మేస్త్రికి ఆవకాయ ఓ సీసా పంపింది.

బిల్లు మీద అద్దం కంపెనీ, గమ్ము పేరు, తేదీ రాయించుకున్నాను. నీరు కారితే ఏడాది దాకా తనదే పూచీ అని కిందే రాశాడు. ఒకటి రెండు రోజులు తలుపులు దబాల్న వేయొద్దు, ఓ కిటికీ వేలెడు దింపి ఉంచండి, ప్రెషర్ వాటర్ సర్వీసింగ్ చేయించొద్దు అని మూడుసార్లు చెప్పాడు. మొదటి పెద్ద వాన పడ్డాక ఓసారి తెమ్మన్నాడు.

జూన్‌లో తీసుకెళ్లాను. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి మ్యాటు తడిమి చూసి, 'పొడిగానే ఉంది, వెళ్లిరండి' అన్నాడు. డబ్బులివ్వబోతే, ఆవకాయ సీసా ఖాళీ అయిందన్నాడు.